ముసురు కోసేది పగటినే

2020 అక్టోబరు 13 ఉదయం ఏడు గంటల ప్రాంతంలో బంగాళాఖాతంలోని తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటింది. తుపాను స్థాయికి చేరలేదు కాబట్టి దానికి పేరు కూడా లేదు. గాలి వేగం గంటకు 55 నుంచి 65 కిలోమీటర్లు. ఆరేళ్ల ముందు హుద్‌హుద్‌ తుపానును చూసిన తీరానికి అదేమంత గాలి కాదు. కానీ ఆ గుండం తీరంతో ఆగలేదు. గోదావరి జిల్లాల మీదుగా తెలంగాణలోకి నడిచి, ఆ రాత్రి హైదరాబాద్‌ను ముంచెత్తింది. మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకు బేగంపేటలో కొలిస్తే 24 గంటల వాన 19 సెంటీమీటర్లు దాటింది. అక్టోబరు నెలలో ఒక్కరోజులో అంత వాన అక్కడ అంతకుముందెన్నడూ నమోదు కాలేదు. ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు పడింది. ఆ తర్వాత గుండం నీరసపడుతూ మహారాష్ట్ర దాటి, అరేబియా సముద్రంలో దిగి, 17వ తేదీన మళ్లీ వాయుగుండంగా లేచింది.

ఆ వారం అనగానే మునిగిన కాలనీలు, కొట్టుకుపోయిన బతుకులు గుర్తుకొస్తాయి. గుర్తుండాలి కూడా. అయితే వరద పక్కనే ఇంకో మార్పు జరిగింది. ఇలాంటి ప్రతి వారంలోనూ అది జరుగుతుంది. వరద లేని ఊళ్లలోనూ జరుగుతుంది. వాన పెద్దగా పడకపోయినా, మబ్బు కమ్మి, తుంపర పడుతూ, పొద్దు మొహం కనబడకుండా నాలుగైదు రోజులు గడిచిపోతాయి. ఫ్యాన్లు ఆగిపోతాయి, ఆరేసిన బట్టలు మూడోరోజుకూ ఆరవు, ఇంట్లో ముసలివాళ్లు శాలువా అడుగుతారు. మర్నాటి పేపరులో ‘సాధారణం కంటే 6 డిగ్రీలు తక్కువ’ అని వస్తుంది. ఈ చల్లదనం ఎక్కడి నుంచి వస్తుంది, ఎంత లోతుకు దిగుతుంది, దేన్ని దెబ్బతీస్తుంది అన్నది నెమ్మదిగా చూడాల్సిన విషయం.

ఉష్ణోగ్రత అని మనం ఒక్క మాటగా అంటాం గానీ వాతావరణ కేంద్రం రోజుకు రెండు అంకెలు రాస్తుంది. మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య వచ్చేది గరిష్ఠం. తెల్లవారుజామున వచ్చేది కనిష్ఠం. హైదరాబాద్‌లో అక్టోబరు మధ్యన సాధారణ గరిష్ఠం 31 డిగ్రీల దరిదాపుల్లో, కనిష్ఠం 20, 21 దగ్గర ఉంటాయి. రెంటికీ మధ్య పది డిగ్రీల ఎడం. ముసురు గట్టిగా పట్టినప్పుడు గరిష్ఠం 25, 26కు జారిపోతుంది. మరి కనిష్ఠం? అదీ ఐదారు డిగ్రీలు దిగి ఉంటుందని చాలామంది అనుకుంటారు. దిగదు. 22 దగ్గర నిలబడుతుంది, అంటే సాధారణం కంటే ఒక డిగ్రీ పైనే. పగలు చల్లబడింది, రాత్రి మాత్రం ఇంకాస్త వెచ్చబడింది. పది డిగ్రీల ఎడం మూడు, నాలుగుకు కుదించుకుపోయింది. ముసురు కోసేది పగటినే, రాత్రి జోలికి పోదు. ఈ ఒక్కటి పట్టుకుంటే మిగిలినదంతా దానంతటదే విడివడుతుంది.

‘సాధారణం’ గురించి కూడా ఇక్కడే ఒక మాట. అది ఎక్కడో ప్రకృతి రాసిపెట్టిన అంకె కాదు. ఒక కేంద్రంలో 30 ఏళ్ల పాటు తీసిన కొలతల సగటు. ప్రస్తుతం వాడుకలో ఉన్నది 1991 నుంచి 2020 వరకు ఉన్న లెక్క. పదేళ్లకోసారి దాన్ని ముందుకు జరుపుతారు. అక్టోబరులో మన దగ్గర రోజులు దాదాపు రెండు రకాలు. మబ్బు లేని రోజున 32, 33 డిగ్రీలు, ముసురు రోజున 25, 26. రెంటినీ కలిపి సగటు తీస్తే 31 వస్తుంది. కాబట్టి ‘సాధారణం కంటే ఆరు తక్కువ’ అన్నంత మాత్రాన వాతావరణం గతి తప్పిందని కాదు. ఆ సగటులోపల ఇలాంటి రోజులు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఆ సగటు తీయగలుగుతున్నామంటే తరాల తరబడి ఎవరో ఒకరు పొద్దున్నే లేచి అంకెలు రాసిపెట్టారు కాబట్టే. 1840లో విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు సొంత ఖర్చుతో వేధశాల కట్టించాడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడుపుతూ నక్షత్రాలతో పాటు వాతావరణాన్నీ కొలిచాడు. భారత వాతావరణ శాఖ పుట్టింది 1875లో. అంతకు ముప్పై అయిదేళ్ల ముందే మన తీరంలో ఆ పనికి పూనుకున్నవాళ్లున్నారంటే నాకు ఎంతో గర్వంగా ఉంటుంది.

ఇక పగటి సంగతి. అక్టోబరు మధ్యన మన అక్షాంశంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నెత్తి మీద నుంచి కాస్త దక్షిణానికి ఒరిగి ఉంటాడు. ఆకాశం తేటగా ఉంటే చదరపు మీటరు నేల మీద 900 వాట్ల దాకా ఎండ పడుతుంది. వాయుగుండం వెంట వచ్చే మబ్బు మామూలు వానమబ్బు కాదు. కింద కొన్ని వందల మీటర్ల ఎత్తు నుంచి పైన పది కిలోమీటర్లు దాటేదాకా పొర మీద పొరగా పేరుకుని ఉంటుంది. అయిదు కిలోమీటర్ల పైన అది చాలావరకు మంచే. అమలాపురంలో కొబ్బరాకు మీద పడిన వానచుక్క కాసేపటి క్రితం మంచు రేకే కావచ్చు. ఇంత దళసరి మబ్బు తన మీద పడిన ఎండలో చాలా భాగాన్ని పై నుంచే తిప్పి కొడుతుంది. కిందికి దిగేది పదో వంతు, మహా అయితే అయిదో వంతు. నేల వేడెక్కకపోతే గాలి వేడెక్కదు. ఎందుకంటే గాలి నేరుగా ఎండ నుంచి తీసుకునే వేడి తక్కువ. దాన్ని కాచేది కింది నేలే.

ఎండ తగ్గిన సంగతిని కొలిచే పరికరం ఒకటుంది. వ్యవసాయ పరిశోధన కేంద్రాల ఆవరణలో ఇప్పటికీ కనబడుతుంది. గుండ్రటి గాజు గోళం, దాని వెనక వంపు తిరిగిన లోహపు చట్రం, చట్రంలో గంటల గీతలు అచ్చువేసిన అట్టముక్క. గోళం ఎండను ఒక చుక్కగా చేర్చి అట్టను కాలుస్తుంది. సూర్యుడు జరిగే కొద్దీ ఆ కాలిన చుక్క గీతవుతుంది. మబ్బు అడ్డొస్తే గీత తెగుతుంది. సాయంత్రం అట్ట తీసి కాలిన పొడవు కొలిస్తే ఆ రోజు ఎన్ని గంటలు ఎండ కాసిందో తెలిసిపోతుంది. 1853లో క్యాంప్‌బెల్ మొదలుపెట్టిన ఈ పరికరాన్ని 1879లో స్టోక్స్ సరిచేశాడు. కరెంటు అక్కర్లేదు, తిప్పాల్సిన చక్రం లేదు. ముసురు వారంలో ఆ అట్టలు ఎలా పెట్టినవి అలాగే, ఒక్క మాడు మచ్చ లేకుండా బయటికొస్తాయి. ఈ మచ్చలేని అట్టల సంగతి ముందు ముందు వరి చేలో మళ్లీ అవసరపడుతుంది.

మబ్బు పగటి వేడి రాకుండా ఆపుతుంది. వాన ఉన్న వేడిని కూడా కొంత లాగేస్తుంది. చినుకు పడుతున్నప్పుడు కొంత నీరు దారిలోనే ఆవిరవుతుంది. ఆవిరి కావడానికి కావలసిన వేడిని చుట్టూ ఉన్న గాలి నుంచే తీసుకుంటుంది. కుండలో నీళ్లు చల్లబడేదీ ఇలాగే. లెక్క కూడా చిన్నదే. ఒక కిలో గాలిలో, అంటే ఘనపు మీటరు కంటే కొంచెం తక్కువ గాలిలో, ఒక్క గ్రాము నీరు ఆవిరైతే ఆ గాలి దాదాపు రెండున్నర డిగ్రీలు చల్లబడుతుంది. రెండు గ్రాములైతే అయిదు డిగ్రీలు. వాన మొదలైన పావుగంటలో ఒళ్లు జల్లుమనేది ఇందుకే.

మరి రోజంతా కురుస్తూనే ఉంటే చల్లబడుతూనే పోవాలిగా? అలా జరగదు. ఎందుకో వాతావరణ కేంద్రంలోని తెల్ల చెక్కపెట్టె తెరిచి చూస్తే తెలుస్తుంది. గాలి ఆడేలా పలకలు వాల్చి బిగించిన ఆ పెట్టెను స్టీవెన్‌సన్ తెర అంటారు. ‘ట్రెజర్ ఐలాండ్’ రాసిన నవలాకారుడి తండ్రి, ఇంజనీరు థామస్ స్టీవెన్‌సన్ రూపొందించింది. లోపల రెండు థర్మామీటర్లు పక్కపక్కనే నిలబడి ఉంటాయి. ఒకటి మామూలుది. రెండోదాని బుడ్డికి పల్చటి మల్లుగుడ్డ చుట్టి, దాని వత్తిని నీళ్లలో ముంచి ఉంచుతారు. ఆ గుడ్డలో నీరు ఆవిరవుతూ బుడ్డిని చల్లబరుస్తుంది. మే నెల మధ్యాహ్నం రెంటిలో పాదరసం మధ్య పదిహేను డిగ్రీల తేడా కనబడవచ్చు. ముసురు రోజున రెండూ ఇంచుమించు ఒకే గీత దగ్గర నిలుస్తాయి. గాలి అప్పటికే తేమతో నిండిపోయింది, ఇక ఆవిరిని పట్టే చోటు అందులో లేదు. ఆవిరి ఆగిన చోట చల్లదనమూ ఆగుతుంది.

తడి థర్మామీటరు చూపే ఆ అంకే వాన దించగలిగిన చివరి మెట్టు. సముద్రం మీద 28, 29 డిగ్రీల నీటిని రాసుకుంటూ వచ్చిన గాలికి ఆ మెట్టు 24, 25 దగ్గర ఉంటుంది. అందుకే కాకినాడలోనూ మచిలీపట్నంలోనూ ముసురు పగలు 25కు దిగి అక్కడే తచ్చాడుతుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది కాబట్టి ఇంకో రెండు, మూడు డిగ్రీలు కిందికి. మన ముసురు చలికి అడుగు గీత గీసేది బంగాళాఖాతమే.

రాత్రి కథ దీనికి తిరగబడి ఉంటుంది. పొద్దు గుంకాక నేల తన వేడిని పరారుణ కిరణాలుగా ఆకాశంలోకి వదులుతుంది. ఆకాశం తేటగా, గాలి పొడిగా ఉంటే ఆ వేడి తిరిగి రాదు. డిసెంబరు, జనవరిల్లో లంబసింగిలో సున్నా దరిదాపులకు, ఆదిలాబాద్ ఏజెన్సీలో ఐదారు డిగ్రీలకు దిగడానికి కారణం ఇదే. ఆ చలి తేట ఆకాశం తెచ్చిన చలి. ముసురు రాత్రి తలపైన కొన్ని వందల మీటర్లలోనే మబ్బు అడుగు ఉంటుంది. అది 20 డిగ్రీలకు అటూ ఇటూ ఉన్న నీటి తుంపర. నేల వదిలిన వేడిని పీల్చుకుని దాదాపు అంతే వేడిని కిందికి పంపుతుంది. ఇచ్చిపుచ్చుకోవడం సరిసమానం అయ్యాక నేల ఇక చల్లబడేదేముంది? లంబసింగిలో కూడా వాయుగుండం రాత్రి కంటే అది వెళ్లిపోయిన నెలకు వచ్చే తేట రాత్రే చాలా చలి.

అయినా మనకు వణుకెందుకు వస్తుంది? థర్మామీటరు గాలిని కొలుస్తుంది, మన ఒళ్లు కొలిచేది వేరు. తడిసిన చొక్కా, ఎడతెగని గాలి, ఎండ తగలని చర్మం, ఈ మూడూ కలిస్తే 24 డిగ్రీల్లోనే దంతాలు కొట్టుకుంటాయి. వరద నీళ్లలో గంటలకొద్దీ నిలబడినవాళ్లకు అది ప్రమాదం కూడా. శరీరం వేడిని గాలి కంటే నీరు చాలా వేగంగా లాక్కుంటుంది.

ఇలాంటి వారాలు అక్టోబరులోనే ఎందుకు దాపురిస్తాయన్నదానికి జవాబు సముద్రంలోనూ గాలుల మలుపులోనూ ఉంది. నైరుతి రుతుపవనాలు దేశం వదిలిపెట్టే సగటు తేదీ అక్టోబరు 15. ఈశాన్య రుతుపవనాలు వచ్చేది 20వ తేదీ ప్రాంతంలో. కార్తెల లెక్కలో ఇది చిత్త నుంచి స్వాతికి మారే కాలం. ఈ సంధికాలంలో నైరుతి కాలమంతా ఉత్తరాది మీద ఉన్న అల్పపీడన ద్రోణి దక్షిణానికి జారి బంగాళాఖాతం మీదికి వస్తుంది. ఆ సముద్రానికి ఓ ప్రత్యేకత ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి వర్షాకాలమంతా తెచ్చిపోసిన మంచినీరు ఉత్తర భాగంలో ఉప్పునీటి మీద పల్చటి పొరగా తేలుతుంది. మంచినీరు తేలిక కాబట్టి కింది చల్లటి నీటితో సులువుగా కలవదు. ఎండ వేడి ఆ పై పొరలోనే నిలవ ఉంటుంది. అల్పపీడనానికి కావలసిన ఇంధనం అదే. 2020లో ఈ సంధికాలం ఇంకా సాగింది. నైరుతి పూర్తిగా వైదొలగడమూ ఈశాన్యం మొదలవడమూ ఒకేరోజు, అక్టోబరు 28న జరిగాయి.

1951 నుంచి 2015 మధ్య ఉష్ణమండల హిందూ మహాసముద్రపు ఉపరితలం సగటున ఒక డిగ్రీ వేడెక్కిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో వెలువరించిన నివేదిక తేల్చింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది మోయగల నీటి ఆవిరి దాదాపు 7 శాతం పెరుగుతుంది. వాన కుమ్మరింపుకు ఇది ఎంత ముఖ్యమో అందరూ చెబుతున్నారు. నేను పైన చెప్పిన అడుగు గీతకూ ఇది అంతే ముఖ్యం. సముద్రం వేడెక్కే కొద్దీ ముసురు చలి దిగే చివరి మెట్టు కూడా పైకి జరుగుతుంది.

ఇప్పుడు చేలోకి వెళ్దాం. అక్టోబరులో డెల్టా సార్వా (ఖరీఫ్) వరి చాలాచోట్ల ఈనిక మీద ఉంటుంది. ఒక కంకి తీసుకుని దగ్గరగా చూడండి. నూటయాభై, రెండొందల గింజ తొడుగులు. కంకి పైకొస నుంచి మొదలుపెట్టి వారం లోపు అన్నీ ఒక్కొక్కటిగా విచ్చుకుంటాయి. ఒక్కో తొడుగు తన జీవితంలో ఒక్కసారే తెరుచుకుంటుంది. ఉదయం తొమ్మిది దాటాక, మధ్యాహ్నం లోపు, గంటసేపు. రెండు పొట్టు రేకులు విడిపోతాయి, ఆరు కేసరాలు బయటికి వేలాడతాయి, పుప్పొడి రాలుతుంది. ఆ పుప్పొడి బతికేది నిమిషాల లెక్కలోనే. తర్వాత తొడుగు మూసుకుంటుంది, మళ్లీ తెరుచుకోదు. సరిగ్గా ఆ గంటలో జల్లు పడితే పుప్పొడి తడిసి పగిలిపోతుంది, లేదా కొట్టుకుపోతుంది. గర్భం దాల్చని ఆ తొడుగు కోతనాటికి తాలుగింజ.

ఇందులో చలి పాత్ర ఎంత? వరి పూత చలికి దెబ్బతినాలంటే ఉష్ణోగ్రత 20 కంటే కిందికి దిగి అక్కడ ఉండాలి. మన తీరంలో ముసురు అంత లోతుకు దిగదని ఇప్పుడే చూశాం. కాబట్టి ‘చలికి పంట పాడైంది’ అనే మాట ఈ కాలానికి సరిపోదు. పాడు చేసేది రెండు. పూతలో వాన, ఆ తర్వాత వెలుతురు కరువు. పాలు పోసుకునే గింజలో చేరే పిండిలో ఎక్కువ భాగం ఈనిక తర్వాతి ఎండతో ఆకులు తయారుచేసిందే. గాజు గోళం కింద మచ్చ పడకుండా మిగిలిన అట్టలు అయిదారు వచ్చాయంటే ఆ వారం గింజకు తిండి పెట్టలేదని అర్థం. అదే నేల, అదే రైతు, అదే కాలువ నీరు అయినా సార్వా కంటే దాళ్వాలో (రబీలో) దిగుబడి ఎక్కువ రావడానికి పెద్ద కారణం దాళ్వా ఆకాశంలో మబ్బు లేకపోవడమే. గోదావరి జిల్లాల రైతుకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు.

దీనికి తోడు తెగుళ్లు. పూత సమయంలో మబ్బు, తుంపర, గాలిలో నిండు తేమ ఉంటే మానిపండు తెగులుకు పండగే. గింజ ఉండాల్సిన చోట పసుపు, ఆకుపచ్చ బంతి ఉబ్బుతుంది. ముందుగా కోతకొచ్చిన చేలు పడిపోతే ఇంకో బాధ. 24, 25 డిగ్రీలు, ఎడతెగని తడి, ఈ రెండూ విత్తనం మొలవడానికి కావలసినవే. నిద్రావస్థ లేని రకాలైతే కంకి మీదే మొలకలొస్తాయి. పడిన చేను లేపి కట్టి, లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకుల మీద చల్లమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పేది ఆ మొలకను ఆపడానికే. తెలంగాణలో ఇదే వారంలో మొదటి పత్తి తీతకు వచ్చి ఉంటుంది. విచ్చుకున్న దూది తడిసి రంగు మారుతుంది. మార్కెట్‌కు పట్టుకెళ్తే తేమ 12 శాతం దాటిందని పక్కన పెడతారు. వడ్లకు ఆ గీత 17 శాతం. ఎండ లేని వారంలో రోడ్ల మీద, కళ్లాల్లో టార్పాలిన్ కప్పి తీసి కప్పి తీసి రైతు చేసే చాకిరీ అంతా ఆ రెండు, మూడు శాతాల కోసమే.

అందుకే నాకు ఓ కోరిక ఉంది. వాతావరణ వార్తల్లో వాన సెంటీమీటర్లు, ఉష్ణోగ్రత డిగ్రీలు మాత్రమే వినిపిస్తాయి. ఏడు సెంటీమీటర్లు దాటితే భారీ వర్షమని పెద్ద అక్షరాల్లో వస్తుంది. రోజుకు రెండు సెంటీమీటర్ల చొప్పున ఆరు రోజులు తుంపర పడితే దాన్ని ‘ఓ మోస్తరు’ అని వదిలేస్తారు. పంటకు ఆ ఆరు రోజులు చిన్నవి కావు. ఎండ ఎన్ని గంటలు కాసిందో కూడా రోజూ చెప్పాలి. మనదేశంలో ఎండను కొలిచే కేంద్రాల వరస కోసం 1957, 58ల్లోనే అన్నా మణి ఎంతో శ్రమపడింది. ఆ శాస్త్రవేత్త వేసిన పునాది ఉండగా ఆ అంకె వార్తల్లోకి రాకపోవడం వెలితే. అప్పటిదాకా చేయగలిగింది ఒకటుంది. వాతావరణ శాఖ మంగళ, శుక్రవారాల్లో ఇచ్చే జిల్లా వ్యవసాయ సూచనల పట్టికలో మబ్బు అనే వరస ఉంటుంది. ఆకాశాన్ని ఎనిమిది భాగాలు చేసి ఎన్ని భాగాలు కమ్ముకుంటుందో అంకె వేస్తారు. అయిదు రోజులూ 7, 8 అని ఉందంటే, పక్కన వాన అంకె ఎంత చిన్నదైనా సరే, ఈనిక మీదున్న చేనుకు అది చెడ్డ వారమే.

ముసురు విడిచే గుర్తు కూడా ఉష్ణోగ్రతల్లోనే ఉంది. గాలి ఉత్తరానికో వాయవ్యానికో తిరుగుతుంది, మబ్బు చిరుగుతుంది. ఆ రోజు గరిష్ఠం ఒక్కసారిగా ఐదారు డిగ్రీలు పైకి లేస్తుంది, ఆ రాత్రి కనిష్ఠం మూడు, నాలుగు కిందికి జారుతుంది. కోసిన పగలు తిరిగొచ్చింది, రాత్రి నిజంగా చల్లబడటం మొదలైంది. ఊపిరి పీల్చుకునే సమయమే గానీ చేను గట్టు దిగేటప్పుడు ఏమరపాటు పనికిరాదు. నేల నిండా తడి, పైన తేట ఆకాశం, 20 డిగ్రీల రాత్రి, తెల్లారేసరికి ఆకు నిండా మంచు. అగ్గి తెగులు శిలీంధ్రానికి ఇంతకంటే మంచి రోజులుండవు. ఆకు మీద తడి పది, పన్నెండు గంటలు నిలిస్తే బీజం మొలిచి లోపలికి దిగిపోతుంది. మచ్చ బయటపడటానికి నాలుగైదు రోజులు పడుతుంది. కాబట్టి చేలోంచి నీరు తీసేసి, ఎండ వచ్చిందని ఇంటికి పోకుండా, ఆ వారమంతా పొద్దున్నే గట్టు మీద నడవాలి. ఆకుల మీద నూలుకండె ఆకారంలో మచ్చలున్నాయా, కంకి మెడ దగ్గర నల్లబడుతోందా చూసుకోవాలి. ఈ తెగులుకు తేలిగ్గా లొంగే సాంబ మసూరి వేసినవాళ్లు ఇంకాస్త ముందే చూసుకోవాలి.